తేదీ వచ్చేలోపు

గుండె వాల్వు మార్చాలని డాక్టరు చెప్పిన రోజుకీ, నిజంగా మార్చే రోజుకీ మధ్య కొంత కాలం గడుస్తుంది. కొందరికది రెండు వారాలు, కొందరికి ఆరు నెలలు, ఇంకొందరికి ఏళ్లు. ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లకు కొదవలేదు. ఎన్ని గంటలు పడుతుంది, ఐసీయూలో ఎన్ని రోజులు ఉంచుతారు, ఏ వాల్వు వేస్తారు, ఖర్చెంత అన్నవి ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేస్తాయి. ఈ మధ్యకాలం గురించి మాత్రం చేతికొచ్చిన చీటీలో ఉండేవి నాలుగు మాత్రల పేర్లు, బరువులు ఎత్తొద్దన్న ఒక ముక్క. దాంతో రోగి కూడా అసలు వైద్యం ఇంకా మొదలు కాలేదని, తేదీ వచ్చాకే మొదలవుతుందని అనుకుంటాడు. ఆ అభిప్రాయం సరికాదని నా వాదన. కొన్ని దశాబ్దాలుగా పోగుపడిన ఆధారాలను ఒకచోట పెట్టి చూస్తే, ఫలితంలో చెప్పుకోదగ్గ భాగం ఆపరేషన్ బల్ల ఎక్కకముందే తేలిపోతున్నట్టు కనిపిస్తుంది. అయినా ఆ కాలానికి పూచీ పడేవాళ్లు మన దగ్గర ఎవరూ లేరు. సర్జన్ బాధ్యత అడ్మిషన్ రోజున మొదలవుతుంది, కార్డియాలజిస్టు బాధ్యత సర్జన్‌కి రాసిచ్చిన రోజున ముగుస్తుంది. మధ్యలో ఉన్న మనిషి ఎవరి పేషెంటూ కాదు.

అన్ని ఎదురుచూపులూ ఒక జాతివి కావు. మొదటిది డాక్టరు ఆలోచించి పెట్టిన గడువు. వాల్వు పాడైంది కానీ ఆపరేషన్ చేసేంత స్థితి ఇంకా రాలేదు, ఆరు నెలలకోసారి ఎకో తీసి చూద్దాం అంటారు. అందులో తర్కం ఉంది. ఏ కృత్రిమ వాల్వూ పుట్టుకతో వచ్చిన వాల్వుకు సాటి రాదు, తొందరపడి పెడితే దాని ఇబ్బందులూ తొందరగానే మొదలవుతాయి. రెండోది క్యూ. మంచం ఖాళీ లేక, సర్జన్ తీరిక లేక, పథకం మంజూరు రాక, రక్తదాతలు దొరకక వచ్చే ఆలస్యం ఇది. మూడోది ఇంట్లో పుట్టేది. మిరపకోతలు అయ్యాక, అమ్మాయి పెళ్లి అయ్యాక, శూన్యమాసం వెళ్లాక అంటూ జరిపేది. దాని వెనక చాలాసార్లు ఉండేది భయమే, కారణం మాత్రం పంట మీదికో పంచాంగం మీదికో పోతుంది. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపించడమే ప్రమాదం. ఆరు నెలలు ఆగవచ్చని రెండేళ్ల కింద విన్న మాటనే ఇవాళ్టికీ చెల్లుతుందనుకునే వాళ్లున్నారు. డాక్టరు పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది, వాళ్లకు తెలియకుండానే రెండో వరసలోకో మూడో వరసలోకో వచ్చి పడ్డారు.

ఈ తేడా ప్రాణాల మీద ఎంత పనిచేస్తుందో చెప్పే పాత ఆధారం 1968 నాటిది. బృహద్ధమని వాల్వు సన్నబడిన రోగుల గురించి రాస్, బ్రాన్‌వాల్డ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు చెప్పిందేమిటంటే, లక్షణాలు లేనంతకాలం జీవితం దాదాపు మామూలుగానే సాగుతుంది, అవి మొదలయ్యాక బతికుండేవాళ్ల సంఖ్యను చూపే గీత నిట్టనిలువుగా పడిపోతుంది. ఛాతీ నొప్పి మొదలైతే సగటున ఐదేళ్లు, స్పృహ తప్పితే మూడేళ్లు, గుండె నీరసించి ఆయాసం వస్తే రెండేళ్లు. ఆనాటి రోగులు వేరు, వైద్యం వేరు, కాబట్టి ఆ అంకెలను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ గీత ఆకారం మారలేదు. 2010లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనంలో, ఆపరేషన్‌కు తట్టుకోలేరని వాల్వు మార్చకుండా ఉంచిన వృద్ధ రోగుల్లో సగం మంది ఏడాది తిరిగేసరికి లేరు. లక్షణాలు లేనివాళ్లు నిశ్చింతగా ఆగవచ్చా అన్నదానికి 2024లో ఎర్లీ టావర్ అధ్యయనం కొంత జవాబిచ్చింది. నడకయంత్రం మీద పరీక్షించి కూడా ఏ ఇబ్బందీ లేదని తేల్చిన 901 మందిని తీసుకుని, ఒక వర్గానికి వెంటనే కాలి రక్తనాళం గుండా వాల్వు వేశారు, రెండో వర్గాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. నాలుగేళ్లలోపే రెండో వర్గంలో 87 శాతం మందికి వాల్వు వేయాల్సి వచ్చింది. చాలామందికి ఏడాదిలోపే. అయితే మరణాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా ఉద్దేశంలో ఈ రెండో సంగతే ఎక్కువ చెబుతోంది. క్రమం తప్పకుండా చూసే డాక్టరు, మార్పు రాగానే దొరికే ఆపరేషన్ ఉన్నచోట ఆగడం వల్ల పెద్దగా నష్టం లేదు. ఆ రెండూ లేనిచోట ఆ ఫలితాన్ని అరువు తెచ్చుకోలేం.

పైగా ఇవన్నీ ఎక్కువగా వయసు మళ్లిన పాశ్చాత్యుల లెక్కలు. మన వార్డుల్లో కనిపించే ముఖాలు వేరు. చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత కీళ్లవాతపు జ్వరం, దాని వల్ల పాడైన మైట్రల్ వాల్వు ఇక్కడి కథ. 12 ఆఫ్రికా దేశాల్లోనూ, భారత్, యెమెన్‌లలోనూ ఇలా వచ్చే రుమాటిక్ గుండెజబ్బు ఉన్న 3,343 మందిని నమోదు చేసిన రెమెడీ అధ్యయనంలో నడిమి వయసు 28 ఏళ్లు. మూడింట రెండు వంతులు స్త్రీలు. అంటే ఎదురుచూస్తున్నది రిటైరైన మనిషి కాదు. నాట్లకు పోవాల్సిన, చంటిబిడ్డను ఎత్తుకోవాల్సిన మనిషి. “విశ్రాంతి తీసుకోండి” అన్న మాట ఆమె చెవిన ఎలా పడుతుందో రాసిచ్చేవాళ్లు ఒక్క క్షణం ఊహించుకుంటే బాగుండు.

ఇక్కడ డాక్టర్ల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. వాల్వు ఒక యాంత్రిక భాగం, బిగుసుకుపోయినదాన్ని ఏ మాత్రా సడలించలేదు, కాబట్టి ఆపరేషన్ దాకా చేయగలిగేది పెద్దగా లేదు అంటారు. మొదటి సగం నిజం. కొలెస్ట్రాల్ మాత్రలు బృహద్ధమని వాల్వు సన్నబడటాన్ని ఆపుతాయేమోనని 2005, 2008, 2010లలో వరసగా మూడు అధ్యయనాలు చూశాయి, మూడూ నిరాశపరిచాయి. కానీ దీన్నుంచి రెండో సగం రాదు. వాల్వు మారకపోయినా దాని చుట్టూ ఉన్నవన్నీ మారుతుంటాయి. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి, పై గది సైజు, గుండె లయ, రక్తం గడ్డకట్టే తీరు, ఒంట్లో కండ, రక్తం శాతం. సర్జన్ చేతికి వచ్చేది వాల్వు ఒక్కటే కాదు, ఇవన్నీ కలిసిన మనిషి. మైట్రల్ వాల్వు సన్నబడినవారినే చూడండి. పై గది నుంచి కింది గదికి రక్తం దిగేది గుండె వదులయ్యే క్షణంలోనే. నాడి వేగం పెరిగినప్పుడు ఎక్కువగా కుదించుకుపోయేది ఆ క్షణమే. అందుకే జ్వరమొచ్చినా, రక్తహీనత ముదిరినా, మెట్లు గబగబా ఎక్కినా నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఊపిరాడక కూర్చుంటుంది. వాల్వు నిన్నటిదే. నాడి వేగాన్ని అదుపులో పెట్టే మాత్ర ఇక్కడ వాల్వును ముట్టుకోకుండానే పనిచేస్తుంది. అదే మాత్ర బృహద్ధమని వాల్వు లీకయ్యేవారికి చేటు కావచ్చు, ఎందుకంటే నాడి నెమ్మదిస్తే వెనక్కి కారే సమయం పెరుగుతుంది. పక్కింటివాళ్లకూ వాల్వు జబ్బే కదా అని వాళ్ల మాత్ర తెచ్చి మింగకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది రక్తం పలచబరిచే మాత్ర మీద. మైట్రల్ వాల్వు సన్నబడి గుండె లయ తప్పితే పై గదిలో గడ్డలు కడతాయి, అవి మెదడుకు ఎగిరితే పక్షవాతం. ముప్పై ఏళ్ల మనిషికి పక్షవాతం వచ్చాక వాల్వు ఎంత బాగా మార్చినా ఏం లాభం? రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష అవసరం లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా, అవే వాడొచ్చు కదా అని చాలామంది ఆశపడ్డారు. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న గణేశన్ కార్తికేయన్ నాయకత్వంలో పాలుపంచుకున్న ఇన్‌విక్టస్ అధ్యయనం 2022లో ఆ ఆశను తుంచేసింది. 24 దేశాల్లో దాదాపు 4,500 మంది రుమాటిక్ రోగులపై చూస్తే, కొత్త మాత్ర రివరాక్సబాన్ వాడినవారిలోనే మరణాలు ఎక్కువ. పాత వార్ఫరిన్, అసిట్రోమ్‌ల తరగతే మెరుగని తేలింది. పాత మాత్ర ఎక్కువమందిని కాపాడటానికి, దాన్ని వాడేవాళ్లు నెలనెలా పరీక్షకు వచ్చి డాక్టరు కంట పడటమూ ఒక కారణం కావచ్చన్న చర్చ జరిగింది. అది నిరూపితం కాదు, కానీ ఈ వ్యాసం వాదనకు దగ్గరి మాట. రెమెడీలో మాత్ర వాడుతున్నవాళ్లలో ఐఎన్‌ఆర్ సరైన హద్దులో ఉన్నది 28 శాతానికే. మాత్ర రాసివ్వడానికీ మాత్ర పనిచేయడానికీ మధ్య ఎంత దూరమో ఆ అంకె చెబుతుంది. మాత్ర పనిని తగ్గిస్తాయని ఆకుకూరలు పూర్తిగా మానేయాలన్న ప్రచారమొకటి దీనికి తోడు. గోంగూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు. వారమంతా మానేసి ఆదివారం నాడు గిన్నెడు తినడమే ముప్పు. రోజూ ఒకే మోతాదులో తింటే మాత్రను దానికి తగ్గట్టు సరిచేస్తారు. మైట్రల్ వాల్వు సన్నబడినవారిలో కొందరికి గుండె కోయకుండా, జపాన్ సర్జన్ ఇనోవే 1984లో వెలుగులోకి తెచ్చిన బెలూన్ పద్ధతిలో వాల్వును విప్పవచ్చు. పై గదిలో గడ్డ ఉంటే మాత్రం బెలూన్ వేయరు. కొన్ని నెలలు ఈ మాత్ర సరైన హద్దులో వాడితే కొందరిలో గడ్డ కరిగిపోయి, ఛాతీ కోసే ఆపరేషన్ కాస్తా బెలూన్‌తో పోతుంది. ఎదురుచూసే కాలం ఆపరేషన్‌నే మార్చేయగలదనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు.

ఉప్పు సంగతి అందరూ చెబుతారు, ఎవరూ లెక్కచెప్పరు. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరప పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు. ఎండుచేపలూ అంతే. దీనికి కొలత నాలుక మీద కాదు, బరువు తూచే యంత్రం మీద ఉంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూచుకుని రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండా కాదు, కొవ్వూ కాదు, నీరు. కాళ్లు వాయకముందే, రాత్రి ఊపిరాడక మూడో దిండు అవసరం కాకముందే అది తెలుస్తుంది. ఫోన్ చేస్తే నీరు తీసే మాత్ర సరిచేసి పోయేదానికి, నాలుగు రోజులు ఆగితే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కీళ్లవాతపు జ్వరం వల్ల వాల్వు పాడైనవారికి మూడు వారాలకోసారి వేసే పెనిసిలిన్ ఇంజెక్షన్‌ను చాలామంది ఈ దశలో మానేస్తారు. వాల్వే మార్చేస్తున్నారు కదా, ఇక ఇదెందుకన్నది వాళ్ల ప్రశ్న. మారుస్తున్నది ఒక వాల్వును, మిగిలినవి అలాగే ఉన్నాయి. గొంతు ఇన్ఫెక్షన్ మళ్లీ సోకి జ్వరం తిరగబెడితే ఆపరేషన్ వాయిదా పడటమే కాదు, రెండో వాల్వు కూడా పాడుకావచ్చు. ఉగాండాలో పిల్లల మీద జరిపిన అధ్యయనంలో, ఎకోలో మాత్రమే పట్టుబడే తొలిదశ జబ్బు రెండేళ్లలో ముదిరింది ఇంజెక్షన్ లేనివారిలో 8.2 శాతం మందికి, వేయించుకున్నవారిలో 0.8 శాతం మందికి. అది తొలిదశ జబ్బు గురించిన ఆధారం, ముదిరినవారికి యథాతథంగా అన్వయించలేం. నిజానికి ముదిరినవారి విషయంలో ఒక కొత్త జాగ్రత్త వచ్చింది. ఇంజెక్షన్ వేసిన వెంటనే జరిగిన కొన్ని మరణాలు మందు పడకపోవడం వల్ల కాదని, నొప్పికీ భయానికీ నాడి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే బాగా దెబ్బతిన్న గుండె తట్టుకోలేకపోవడం వల్ల కావచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది. అలాంటివారికి నోటి మాత్రలే మేలని సూచించింది. ఆపరేషన్ కోసం ఆగుతున్నవాళ్లు చాలామంది ఆ కోవలోకే వస్తారు. కాబట్టి ఇంజెక్షన్ సొంతంగా మానేయకూడదు, కళ్లు మూసుకుని వేయించుకోకూడదు. మాత్రల్లోకి మార్చాలా అని అడగాలి. ఈ ప్రశ్న ఎవరిని అడగాలన్నదే అసలు చిక్కు.

పళ్లు, రక్తం, ఊపిరి. మూడూ చిన్నవిగా కనిపిస్తాయి. పుచ్చిన పన్ను కొత్త వాల్వు మీద ఇన్ఫెక్షన్‌కు దారి, అందుకే ఆపరేషన్‌కు ముందు దంతవైద్యుడి చీటీ అడుగుతారు. అడ్మిషన్‌కు రెండు రోజుల ముందు అడిగితే పన్ను పీకి, చిగురు మానేదాకా తేదీ వెనక్కి పోతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఐరన్‌తో సరిచేయడానికి వారాలు పడుతుంది, ఆ వారాలు మన చేతిలోనే ఉన్నాయి. ఊపిరి విషయంలో నెదర్లాండ్స్‌లో 2006లో వెలువడిన అధ్యయనం గట్టిది. బైపాస్ ఆపరేషన్‌కు ముందు కనీసం రెండు వారాలు ఊపిరి పీల్చే కండరాలకు వ్యాయామం చేయించినవారిలో, ఆపరేషన్ తర్వాత నిమోనియా వచ్చింది 6.5 శాతం మందికి. చేయించనివారిలో 16.1 శాతానికి. కెనడాలో దాదాపు 250 మందికి ఎదురుచూపు కాలంలో వారానికి రెండుసార్లు వ్యాయామం, అవగాహన పాఠాలు, నెలనెలా నర్సు ఫోన్ ఏర్పాటు చేస్తే, వాళ్లు ఆసుపత్రిలో ఒక రోజు తక్కువ ఉన్నారు. ఈ రెండూ బైపాస్ రోగుల మీద చేసినవి కదా, వాల్వు రోగులకు వ్యాయామం ప్రమాదం కదా అంటే, ఆ అభ్యంతరం సగం సబబు. బృహద్ధమని వాల్వు బాగా సన్నబడి స్పృహ తప్పుతున్నవారు పరుగులు పెట్టకూడదు, మెట్లు పందెం వేసి ఎక్కకూడదు. కానీ మంచం దిగకపోవడం దానికి విరుగుడు కాదు. రెండు నెలలు కదలకుండా పడుకున్న కాళ్లు ఆపరేషన్ తర్వాత లేవవు. చదునైన నేల మీద, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవడం, బంతులు లేపే పరికరంతో ఊపిరి తీయడం చాలామందికి వీలయ్యేవే. ఎవరికెంత అన్నది డాక్టరు ఎకో చూసి చెప్పాలి. ఆ ఒక్క వాక్యం చీటీలో రాస్తే చాలు.

రాయకుండా వదిలేసే మరో సంగతి గర్భం. గర్భంతో ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, నాడి వేగం పెరుగుతుంది. సన్నబడిన మైట్రల్ వాల్వుకు పడనివి ఈ రెండే. అసిట్రోమ్, వార్ఫరిన్ తొలి నెలల్లో శిశువుకు హాని చేస్తాయి. ఇంత తెలిసీ రెమెడీలో ప్రసవ వయసు స్త్రీలలో గర్భనిరోధక పద్ధతి వాడుతున్నవాళ్లు 3.6 శాతమే. ఇది ఆ స్త్రీల అజాగ్రత్త అనడం అన్యాయం. గుండె డాక్టరు ఇది గైనకాలజీ విషయం అనుకుంటాడు, గైనకాలజిస్టు దగ్గరికి ఆమె కడుపుతో ఉన్నప్పుడే వెళ్తుంది. పెళ్లి కుదిరిన అమ్మాయి విషయంలోనైతే జబ్బే దాచేస్తారు. ఆపరేషన్ కోసం ఆగుతున్న నెలల్లో గర్భం వద్దని, ఏ పద్ధతి మేలో చెప్పి పంపడం ఆమె పేరు నమోదు చేసినచోటే జరగాలి. ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెబితే ఇంకా మంచిది.

ఇవన్నీ చెబితే మనిషి బెంబేలెత్తిపోడా, ప్రతి చిన్న దడకూ పరుగెత్తుకు రాడా అని కొందరు అడుగుతారు. తెలియని భయం తెలిసిన జాగ్రత్త కంటే తక్కువ బాధిస్తుందని నేననుకోను. ఏది ఆగవచ్చో, ఏది ఆగకూడదో విడదీసి చెబితే పరుగులు తగ్గుతాయి. అలసట ఆగవచ్చు. స్పృహ తప్పడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, నాడి ఒక్కసారిగా గతి తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం ఆగకూడనివి. అన్నిటికంటే ఎక్కువగా ఏమరుపాటు జరిగేది జ్వరం విషయంలో. వాల్వు జబ్బున్న మనిషికి నాలుగు రోజులుగా జ్వరం ఉంటే, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకోకముందే రక్తం కల్చర్‌కు ఇవ్వాలి. ముందే మందు పడితే వాల్వు మీద చేరిన క్రిమి పరీక్షకు చిక్కకుండా పోతుంది.

ఈ వాదన మొత్తానికి బలమైన ప్రతివాదం ఒకటుంది. ఎదురుచూపును ఎలా గడపాలో పాఠాలు చెప్పడం కంటే ఎదురుచూపునే తగ్గించండి, క్యూను సహించేలా రోగిని తయారుచేయడం వ్యవస్థ తప్పును అతని నెత్తిన రుద్దడమే కదా అన్నది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. షికాగోలో బృహద్ధమని వాల్వు మార్పిడి కోసం ఆగినవారిని పరిశీలిస్తే నెలలో 3.7 శాతం, ఆరు నెలల్లో 11.6 శాతం ఆ నిరీక్షణలోనే చనిపోయారు. ఏ ఉప్పు తగ్గింపూ దానికి సాటి కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, డబ్బు అడ్డును చాలావరకు తొలగించాయి. పొలం అమ్మితే తప్ప వాల్వు రాని రోజులు పోయాయి. కానీ ఆ పథకాలు డబ్బు కట్టేది ఆపరేషన్‌కు, ఆపరేషన్‌కు ముందు నెలలకు కాదు. క్యూ తగ్గాలి, నిజమే. అయితే క్యూ ఉన్నంతకాలం అందులో ఎవరు ముందు వెళ్లాలో ఎలా తెలుస్తుంది? జనవరిలో ఎకో తీసినప్పుడు పదో నంబరులో ఉన్న మనిషి మార్చికి మొదటి నంబరు కావలసినంత దిగజారి ఉండొచ్చు. ఆ సంగతి ఎవరైనా కనుక్కుంటేనే క్యూ న్యాయంగా నడుస్తుంది. వారానికో ఫోన్ చేసి బరువెంత, ఎన్ని దిండ్లు, ఈ నెల ఐఎన్‌ఆర్ ఎంత అన్న మూడు ప్రశ్నలు అడగడానికి సర్జన్ అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఈ పథకాల తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రలు కాగితాలు చూసుకున్నంత శ్రద్ధగా ఈ మూడూ అడిగి రాసి డాక్టరు ముందు పెట్టినా మేలే. సిబ్బంది చాలరంటారా? ఆయాసంతో అర్ధరాత్రి వచ్చిన ఒక్క మనిషికి పట్టే సిబ్బంది ఎంతో లెక్కవేసి చూడండి.

ఇంట్లో పుట్టే మూడో రకం ఆలస్యానికి ఫోన్ చాలదు. దాన్ని కదిలించాలంటే ఆపరేషన్ తర్వాతి జీవితం గురించి మాట్లాడాలి, ఎందుకంటే భయం ఎక్కువగా దాని గురించే. లోహపు వాల్వు ఎక్కువకాలం మన్నుతుంది కానీ జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర, దానితో పాటు ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పవు. జంతు కణజాలంతో చేసిన వాల్వుకు ఆ బాధ చాలావరకు లేదు కానీ చిన్న వయసువారిలో త్వరగా అరిగిపోయి మళ్లీ ఆపరేషన్ అడుగుతుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసి 1990లో తొలిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు వచ్చాక లోహపు వాల్వు ధర దిగి వచ్చింది, మాత్రకయ్యే శ్రమ మాత్రం దిగలేదు. పిల్లలు కావాలనుకునే ఇరవై ఐదేళ్ల స్త్రీకి ఈ రెంటిలో ఏది మేలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న, తొందరలో తేలేది కాదు. అయినా చాలామంది ఇళ్లల్లో ఇది తేలేది ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం, సంతకం పెట్టే కాగితం ముందు. నెలల వ్యవధి చేతిలో ఉన్నప్పుడు అడగాల్సినవి చాలా మామూలు ప్రశ్నలు. ఐఎన్‌ఆర్ పరీక్ష మా మండలంలో దొరుకుతుందా, దొరక్కపోతే ఎంత దూరం వెళ్లాలి, వెళ్లొచ్చే ఖర్చెంత, ఆ రోజు కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుంది, తోడు వచ్చేదెవరు. ఎకోలో వాల్వు ఎంత సన్నబడిందన్న అంకెతో పాటు ఈ జవాబులు కూడా సర్జన్ ముందుంటే, ఏ వాల్వు వేయాలన్నది ఆ ఊరి బస్సు సౌకర్యాన్ని బట్టి కూడా మారవచ్చు.